బెల్లంపల్లి చూడబోతున్నారా? బొగ్గుబాయిల ఊరికి సమగ్ర మార్గదర్శి

మంచిర్యాల జిల్లా బెల్లంపల్లిలో రైలు దిగి "బొగ్గుబాయి ఎక్కడుంది?" అని అడిగితే ఎవరైనా "ఏ బాయి?" అని ఎదురడుగుతారు. ఆ ఎదురుప్రశ్నకు సిద్ధంగా పోకపోతే ఊరంతా తిరిగినా ఏమీ కనిపించదు. భూగర్భ గని మూతపడితే పైన మిగిలేది చాలా తక్కువ: మూసేసిన దారి మీద ఒక గోడ, తుమ్మచెట్లు, కంచె, వరుసగా క్వార్టర్లు, కొన్ని బస్తీల పేర్లు. వీటిని ఏ వరుసలో చూడాలో, దేనికి ఏం అర్థమో, ఎక్కడ కాలు పెట్టకూడదో ఇక్కడ చెబుతున్నాం. వరంగల్, కరీంనగర్ వైపు నుంచి వచ్చేవాళ్లకు ఒకటిన్నర రోజు సరిపోతుంది. ఒక్క పూటలో ముగిద్దామనుకుంటే రావద్దు. మధ్యాహ్నం ఎండలో మూసిన గేట్లు చూసి తిరిగిపోవడమే అవుతుంది.

ముందుగా నేర్చుకోవాల్సిన మాటలు

ఈ ప్రాంతంలో గనిని "బాయి" అంటారు. నీళ్ల బావికీ అదే మాట కాబట్టి సందర్భం చూసుకోవాలి. "బాయిల పనిజేసిండు" అంటే గనిలో ఉద్యోగం చేశాడని. ఆ బాయిలోకి దిగే దారులు రెండు రకాలు. ఏటవాలుగా నేలలోకి దిగేది ఇంక్లైన్, నిలువుగా దిగేది పిట్ లేదా షాఫ్ట్. బొగ్గు పొర ఏ వైపు కిందికి వాలిందో ఆ వైపు తవ్వుకుంటూ పోయిన దారి డిప్, ఎత్తు వైపు పోయింది రైజ్. జనం నోట డిప్ కాస్తా "డీప్" అయింది. బెల్లంపల్లిలో నంబర్ టూ ఇంక్లైన్, 65 డీప్ అని వినిపించే పేర్లు ఇలా పుట్టినవే. బాయి పోయింది, బస్తీకి ఆ పేరు మిగిలింది. "ఖని" అన్న మాట రవీంద్రఖని, కల్యాణిఖని, శాంతిఖని, గోదావరిఖని అంటూ గనుల పేర్లలో, రైల్వే స్టేషన్ బోర్డుల మీద, ఊళ్ల పేర్లలో కలిసిపోయింది.

పని మాటలు కొన్ని తెలిస్తే పెద్దవాళ్లతో మాట కలుస్తుంది. తట్ట, చెమ్మస్ అంటే గంప, పార. పేల్చిన బొగ్గును వాటితో టబ్బులోకి ఎత్తేవాడు ఫిల్లర్. టబ్బు పట్టాల మీద నడిచే ఇనుప డబ్బా. దాన్ని తాడుతో పైకి లాగే యంత్రం హాలర్. ఒక పని జాగాకు, అక్కడి మనుషుల భద్రతకు పూచీపడేవాడు సర్దార్, ఆయన పైన ఓవర్‌మన్. హాజరు పడటం "మస్టర్", ఆదివారం డ్యూటీ "ప్లేడే". బొగ్గు తీసేశాక ఖాళీగా వదిలేసిన, పైకప్పు కూలిన చోటు "గోఫ్". ఈ చివరి మాట బాగా గుర్తుపెట్టుకోండి. భద్రత గురించి కింద రాసిందంతా దాని చుట్టే తిరుగుతుంది.

చరిత్ర ఎక్కువ అక్కర్లేదు, వరుస తెలిస్తే చాలు. భారత భూవిజ్ఞాన సర్వేకు చెందిన విలియం కింగ్ 1871లో ఇల్లెందు దగ్గర సింగరేణి గ్రామం పక్కన బొగ్గును గుర్తించారు. 1886లో ఇంగ్లండ్‌లో హైదరాబాద్ (దక్కన్) కంపెనీ ఏర్పడింది, 1889లో ఇల్లెందులో తవ్వకం మొదలైంది. 1920 డిసెంబర్ 23న ఆ కంపెనీయే సింగరేణి కాలరీస్ కంపెనీ అయింది. 1945లో నిజాం ప్రభుత్వం అధిక వాటా కొన్నది. బెల్లంపల్లి గనులు ఇల్లెందు తర్వాతి తరానివి. కాబట్టి ఇక్కడ తాత, తండ్రి, కొడుకు ముగ్గురూ బాయిలో చేసిన ఇళ్లు కనిపిస్తాయి. 1990ల మొదట్లో కంపెనీ మొత్తం మీద లక్ష దాటిన కార్మికులు ఇప్పుడు 40 వేల దరిదాపుల్లో ఉన్నారు. బెల్లంపల్లిలో ఖాళీ క్వార్టర్లు ఎందుకున్నాయో ఈ రెండు అంకెలే చెబుతాయి. లోతుగా పోయేకొద్దీ భూగర్భ గనిలో టన్ను బొగ్గుకు ఖర్చు పెరిగింది. ఓపెన్‌కాస్టులో, అంటే పైమట్టి తీసేసి పైనుంచే బొగ్గు తవ్వే గనిలో, అదే టన్ను తక్కువ మందితో, తక్కువ ఖర్చుతో వచ్చింది. పాత గనుల్లో బొగ్గు తరిగింది. పని ఆసిఫాబాద్ జిల్లాలోని గోలేటి వైపు, ఇతర ఏరియాల (కంపెనీ తన గనులను పంచిన విభాగాల) వైపు జరిగింది.

ఎప్పుడు పోవాలి

నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచిది. ఏప్రిల్, మే నెలల్లో ఈ బొగ్గు పట్టీలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. పదకొండు గంటల తర్వాత రోడ్డు మీద మాట్లాడటానికి మనిషి దొరకడు. జూలై నుంచి సెప్టెంబర్ వరకు పచ్చగా, చూడముచ్చటగా ఉంటుంది కానీ పాత గనుల పైనేల అప్పుడే ఎక్కువ ప్రమాదకరం. కారణం కింద చెబుతాం.

రెండు సందర్భాలు ప్రత్యేకం. డిసెంబర్ 23 సింగరేణి ఆవిర్భావ దినోత్సవం. ఏరియాల్లో సభలు, స్టాళ్లు పెడతారు. మామూలు రోజుల్లో బయటివాళ్లకు కనిపించని యంత్రాలు, పనిముట్లు, భద్రతా పరికరాలు అప్పుడు దగ్గరగా చూడొచ్చు. రెండోది దసరా. ఉద్యోగాల కోసం ఎక్కడెక్కడికో పోయిన పిల్లలు ఇళ్లకు వస్తారు, క్వార్టర్ల మధ్య బతుకమ్మలు ఆడతారు. ఊరు నిండుగా ఉన్నప్పుడు ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే అదే సమయం. కాకపోతే రైళ్లలో కాలు పెట్టే చోటుండదు, లాడ్జిలు నిండుతాయి. నెల ముందే చూసుకోండి.

చేరుకోవడం

రైలే మేలు. బెల్లంపల్లి స్టేషన్ కాజీపేట–బల్లార్షా మార్గంలో, మంచిర్యాల దాటాక వస్తుంది. వరుస ఇది: పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, రవీంద్రఖని, మందమర్రి, బెల్లంపల్లి. కాజీపేట నుంచి దాదాపు 125 కిలోమీటర్లు, ఎక్స్‌ప్రెస్‌లో రెండు గంటలకు అటూఇటూ. భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ లాంటి కాగజ్‌నగర్ వైపు బండ్లు అనుకూలం. ఢిల్లీ మార్గం కావడంతో ఎన్నో పెద్ద రైళ్లు ఇటే పోతాయి కానీ అన్నీ ఇక్కడ ఆగవు. టికెట్ తీసేటప్పుడు "బెల్లంపల్లి హాల్ట్ ఉందా" అని చూసుకోండి. లేకుంటే మంచిర్యాలలో దిగి బస్సు పట్టుకోవాలి.

కిటికీ పక్కన కూర్చోండి. మంచిర్యాల దాటాక ప్రధాన లైను నుంచి విడిపోయే పక్క పట్టాలు (సైడింగులు), వ్యాగన్లు, దూరంగా చదునైన తలలున్న మట్టి గుట్టలు కనిపిస్తాయి. సహజమైన గుట్టకు తల చదునుగా, పక్కలు మెట్లుమెట్లుగా ఉండవు. అవి ఓపెన్‌కాస్టులో బొగ్గు మీద నుంచి తీసి పోసిన మట్టి, బండ. ఊళ్లో చూడబోయే దానికి ఇదే మొదటి పాఠం, రైల్లోనే దొరుకుతుంది.

సొంత బండి అయితే రాజీవ్ రహదారి మీదుగా మంచిర్యాలకు వచ్చి, అక్కడి నుంచి ఆసిఫాబాద్ వైపు సాగే 363వ నంబరు జాతీయ రహదారి ఎక్కాలి. బెల్లంపల్లి 20 కిలోమీటర్ల పైచిలుకు. హైవే ఊరి అంచు నుంచి పోతుంది. పలక చూసి దిగకపోతే ఊరు దాటిపోతారు. బసకు మంచిర్యాల సౌకర్యం. బెల్లంపల్లిలో లాడ్జిలు తక్కువ.

పేర్లతో వచ్చే చిక్కులు రెండున్నాయి. "సింగరేణి" అని మ్యాపులో వెతికితే ఖమ్మం జిల్లాలోని సింగరేణి గ్రామానికి దారి చూపించవచ్చు. అది కంపెనీకి పేరిచ్చిన ఊరే కానీ ఇక్కడికి చాలా దూరం. రెండోది ఇంకా ఎక్కువ మందిని తిప్పలు పెడుతుంది: సింగరేణి "బెల్లంపల్లి ఏరియా" జనరల్ మేనేజర్ కార్యాలయం బెల్లంపల్లిలో లేదు. అది ఆసిఫాబాద్ జిల్లా రెబ్బెన మండలంలోని గోలేటి టౌన్‌షిప్‌లో ఉంది. బెల్లంపల్లి పట్టణంలోని శాంతిఖని, దగ్గరి కాసిపేట గని మందమర్రి ఏరియా కిందికి వస్తాయి. అనుమతి కాగితం పట్టుకుని తప్పు కార్యాలయానికి పోతే ఒక పూట పోయినట్టే.

గని లోపల చూడాలంటే

నడుస్తున్న గనిలోకి తెలిసినవాళ్ల మాట మీద పోవడం కుదరదు. కుదురుతుందని ఎవరైనా అంటే నమ్మవద్దు. ఏం జరిగినా ఆ గని మేనేజర్ ఉద్యోగం మీదికి వస్తుంది, తీసుకుపోయిన కార్మికుడి నౌకరీ పోతుంది.

పద్ధతి ఇది. కనీసం మూడు నాలుగు వారాల ముందు సంబంధిత ఏరియా జనరల్ మేనేజర్ పేరిట ఉత్తరం రాయాలి. అందులో ప్రతి ఒక్కరి పేరు, వయసు, వృత్తి, గుర్తింపు కార్డు నంబరు, ఎందుకు చూడాలనుకుంటున్నారు, ఏ గని, అనుకూలమైన రెండు తేదీలు, ఒకరి ఫోన్ నంబరు ఉండాలి. కాలేజీ లేదా సంస్థ లెటర్‌హెడ్ మీద పోతే విలువ ఎక్కువ. విడిగా పోయే ఇద్దరు ముగ్గురికి అనుమతి దొరకడం కష్టం, అదీ ముందే తెలిసి ఉండాలి. ఆర్టీసీ 2022లో సింగరేణితో కలిసి "సింగరేణి దర్శన్" బస్సు యాత్ర మొదలుపెట్టింది. మీరు పోయే రోజుల్లో అది నడుస్తోందేమో గోదావరిఖని డిపోలో వాకబు చేయండి. విడివిడిగా వచ్చేవాళ్లకు అది తేలికైన దారి.

పిల్లల సంగతి స్పష్టంగా ఉంది. 2025 నవంబర్‌లో కొత్త కార్మిక కోడ్ వచ్చేదాకా నడిచిన 1952 గనుల చట్టం, 18 ఏళ్లు నిండనివాళ్లు గని పని జరిగే చోట ఉండటానికే వీల్లేదంది. భూగర్భమైనా ఓపెన్‌కాస్టైనా అంతే. పిల్లలతో వచ్చేవాళ్లు గని ఆలోచన మానుకుని ఊరు, గుట్టలు చూసేలా రోజును అల్లుకోండి.

అనుమతి దొరికి కిందికి దిగితే: నూలు బట్టలు వేసుకోండి, నైలాన్ వద్దు. హెల్మెట్, బూట్లు, క్యాప్ ల్యాంప్ వాళ్లే ఇస్తారు. ఫోన్, బ్యాటరీ గడియారం, కెమెరా, అగ్గిపెట్టె, లైటర్, బీడీ, సిగరెట్ అన్నీ పైనే వదిలేయాలి. సోదా చేస్తారు, చిన్నబుచ్చుకోవద్దు. బొగ్గు పొరలోంచి మీథేన్ ఊరుతూ ఉంటుంది. గాలిలో అది 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడు చిన్న నిప్పురవ్వ చాలు, పేలుతుంది. లోపల పట్టాలు దాటేటప్పుడు తాడు మీద కాలు వేయవద్దు. ఆగి ఉన్న హాలర్ తాడు చెప్పకుండానే బిగుస్తుంది. గుండె జబ్బు, ఆయాసం, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు దిగకపోవడమే మంచిది. దిగేది ఎంత సులువో, ఆ ఏటవాలు ఎక్కిరావడం అంత కష్టం. కింద ఉక్కపోత కూడా ఎక్కువ.

సంచిలో ఏముండాలి

మనిషికి 3 లీటర్ల నీళ్లు, మడమ దాకా వచ్చే బూట్లు, టోపీ లేదా తువాల, చిన్న టార్చి, ఆధార్ కార్డు, చిల్లర. బొగ్గు పొడి తెల్ల బట్టల నుంచి పోదు, ముదురు రంగువి తెచ్చుకోండి. ఉబ్బసం ఉన్నవాళ్లు మాస్కు, ఇన్‌హేలర్ మరవద్దు. ఓపెన్‌కాస్టు రోడ్ల పక్కన గాలిలో దుమ్ము మామూలు కాదు. డ్రోన్ తేవద్దు.

ఊళ్లో నడక: ఉదయం ఆరున్నర నుంచి పది దాకా

మొదటి మజిలీ స్టేషన్. ప్లాట్‌ఫాం మీది నుంచే బొగ్గు రైళ్లు చూడొచ్చు. పట్టాల మీద పడిన బొగ్గు ఏరుకోవద్దు, అది దొంగతనం కిందికి వస్తుంది. కదలని వ్యాగన్ల కింది నుంచి అవతలికి దూరవద్దు. బొగ్గు నింపుకున్న వ్యాగన్ల వరుస కూత వేయకుండానే జరుగుతుంది.

అక్కడి నుంచి బజారు ఏరియా మీదుగా కాంటా చౌరస్తాకు నడవండి. కాంటా అంటే తూకపు యంత్రం. బొగ్గును తూచే ఊళ్లో చౌరస్తాకు ఆ పేరు నిలిచింది. కాల్‌టెక్స్ అని ఇంకో చోటుంది. పాత పెట్రోలు కంపెనీ పేరు అది, కంపెనీ పోయి దశాబ్దాలైనా ఆటోవాళ్లకు "కాల్‌టెక్స్" అంటేనే తెలుస్తుంది. ఇలాంటి పేర్లను ఒక కాగితం మీద రాసుకుంటూ పోండి. నంబర్లు, డీపులు, ఇంక్లైన్లు, కాంటా, ఖని. పది గంటలకల్లా ఆ కాగితమే పాత గనుల పటంలా తయారవుతుంది. ఈ ఊరికి ఇంతకంటే మంచి గైడు లేడు.

తర్వాత క్వార్టర్ల లైన్లలోకి పోండి. కార్మికుల క్వార్టర్లు ఒకదానికొకటి గోడ కలిపి వరుసగా ఉంటాయి, అధికారుల బంగ్లాలు విడిగా, చెట్ల మధ్య ఉంటాయి. రెండూ ఒకే ఉదయం చూడండి. పైకప్పు, గది వైశాల్యం, వాకిలి, చెట్లు, రోడ్డు వెడల్పు పోల్చుకుంటే కంపెనీ మెట్లు మెట్లుగా ఎలా ఉండేదో ఎవరూ చెప్పక్కర్లేదు. పాత వంటగదుల గోడలకు మసి కనిపిస్తే అది కార్మికులకు వంటకోసం బొగ్గు ఇచ్చిన రోజుల నాటిది. గ్యాసు ఆ తర్వాత వచ్చింది. క్వార్టర్ల ముందుకు రేకులు దించి, వెనక గదులు వేసి సొంతిల్లులా మార్చుకున్నవీ ఉన్నాయి. సింగరేణి స్థలాల్లో ఇళ్లు కట్టుకున్నవాళ్లకు పట్టాలిచ్చిన జీవో 76 గురించి ఇక్కడ ప్రతి ఇంట్లో ఏదో ఒక మాట ఉంటుంది. పట్టా వచ్చిందా అని మీరై అడగవద్దు. అది డబ్బుతో, తగాదాలతో ముడిపడిన సంగతి. వాళ్లే ఎత్తితే వినండి.

ఖాళీ క్వార్టర్లలోకి దూరవద్దు. తలుపులు, కిటికీల చట్రాలు పీకేసిన ఇళ్లలో దూలం దేని మీద నిలబడి ఉందో తెలియదు. పాములు సరేసరి. బయటి నుంచి చూస్తే చాలు.

తిలక్ స్టేడియం దాకా పోతే ఉదయపు నడకకు వచ్చిన రిటైర్డ్ కార్మికులు కనిపిస్తారు. మాట్లాడటానికి ఊరంతటిలో ఇదే అనువైన చోటు, సమయమూ ఇదే. కాస్త దూరంలోని పోచమ్మ చెరువు కట్ట సాయంత్రానికి ఉంచుకోండి.

మనుషులతో మాట్లాడటం

పెద్దాయనను "కాకా" అనండి, ఇంకా పెద్దవాళ్లయితే "తాతా", ఆడవాళ్లను "అక్కా", "పెద్దమ్మా". "సార్" అంటే ముడుచుకుంటారు, అధికారి వచ్చాడనుకుంటారు. మొదటి ప్రశ్న "గని గురించి చెప్పండి" అని కాకుండా "కాకా, మీరు ఏ బాయిల చేసిండ్రు?" అని ఉండాలి. గని పేరు చెబుతారు. తర్వాత "ఏం పని?", ఆ తర్వాత "ఎన్నేండ్లు?" ఈ మూడు ప్రశ్నలకు మించి అడగాల్సిన అవసరం చాలాసార్లు రాదు. ఫిల్లర్‌గా చేసినాయన రోజుకు ఎన్ని టబ్బులు నింపాడో తనే చెబుతాడు. యంత్రాలు వచ్చాక ఏం మారిందో, గోలేటికి బదిలీ అయితే ఇల్లు ఇక్కడ, డ్యూటీ అక్కడ ఎలా నడిచిందో చెబుతాడు. 2011 సకల జనుల సమ్మెలో బొగ్గు ఆగిన రోజులు అడిగితే కళ్లు మెరుస్తాయి.

రెండు విషయాలు మీరుగా కదపకండి. ఒకటి ప్రమాదాలు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది చనిపోయారు. ఇలాంటి రోజులు ఈ పట్టీలో అందరికీ తెలుసు, ఎవరి ఇంట్లో ఎవరు పోయారో మీకు తెలియదు. రెండోది "అన్‌ఫిట్", డిపెండెంట్ ఉద్యోగం. తండ్రి వైద్యపరంగా పనికిరాడని తేలితే కొడుక్కు నౌకరీ వచ్చే ఏర్పాటు చుట్టూ ఎన్నో ఇళ్లల్లో ఆశలు, అన్నదమ్ముల గొడవలు ఉన్నాయి.

ఆడవాళ్లతో మాట్లాడకుండా ఎవరూ తిరిగిపోవద్దని గట్టిగా చెబుతాం. మూడు షిఫ్టుల ఇంట్లో వంట ఎన్నిసార్లు, నైటు షిఫ్టు చేసి పగలు పడుకున్న మనిషి నిద్ర చెడకుండా ఆ ఒక్క గదిలో పిల్లల్ని ఎలా ఆపారు, బొగ్గు బట్టలు ఎలా ఉతికారు: ఇవి ఏ మ్యూజియంలోనూ లేవు. ఫోటో తీయాలంటే అడిగి తీయండి. మాట రికార్డు చేస్తున్నట్టయితే ఫోన్ కనబడేలా పెట్టి చెప్పండి.

కాలు పెట్టకూడని చోట్లు

ఈ భాగం తొందరలో ఉన్నా పూర్తిగా చదవండి.

భూగర్భ గనుల్లో ఎక్కువగా బోర్డ్ అండ్ పిల్లర్ పద్ధతిలో తవ్వారు. మొదట బొగ్గులో అడ్డంగా నిలువుగా దారులు వేసి, మధ్యలో బొగ్గు స్తంభాలు వదిలేస్తారు. చివర్లో ఆ స్తంభాలు కూడా తీసుకుంటూ వెనక్కి వస్తారు. పైన ఊరో, రోడ్డో, రైలు పట్టాలో ఉంటే ఖాళీలో ఇసుక నింపుతారు. అలా నింపని చోట పైకప్పును కూలనిస్తారు, అదే గోఫ్. పైకప్పు కూలితే దాని పైనున్న బండ, ఆపైన మట్టి దిగుతాయి. లోతు ఎక్కువుంటే నేల పళ్లెంలా మెల్లగా కుంగుతుంది. లోతు తక్కువుంటే ఏళ్ల తరబడి ఏమీ కానట్టుండి, ఒకరోజు బావిలాంటి గుంత పడుతుంది. వానకాలం ఎందుకు చెడ్డదంటే, నీళ్లు పగుళ్లలోంచి దిగి లోపలి మట్టిని కడిగేస్తాయి. పైన గడ్డి మాత్రం పచ్చగా, గట్టిగా ఉన్నట్టే కనిపిస్తుంది.

గుర్తులు ఇవి. ఒకదాని పక్కన ఒకటి సమాంతరంగా పోయే పగుళ్లు, వాటి మధ్య నేల మెట్టులా దిగి ఉండటం. ఎత్తు పల్లం లేని చోట నీళ్లు గుండ్రంగా నిలవడం. కరెంటు స్తంభాలు ఒకే వైపు వంగడం. ఉన్నట్టుండి ఎండిపోయిన బావి. ఇవి కనిపిస్తే వచ్చిన అడుగుల మీదనే వెనక్కి రండి. కంచె తెగి ఉంటే దారి ఉందని కాదు, ఎవరో తెంపారని. పశువులు మేస్తున్నాయని ధైర్యం చేయవద్దు.

మూసిన ఇంక్లైన్ నోటి దగ్గర ఇంకో ప్రమాదం ఉంది, కంటికి కనిపించదు. గాలి ఆడని పాత గనిలో బొగ్గు ఆక్సిజన్‌ను పీల్చేస్తుంది. మిగిలేది నైట్రోజన్, కార్బన్ డయాక్సైడ్. ఆకాశం మబ్బు పట్టి, తుపాను ముందు గాలి ఒత్తిడి పడిపోయినప్పుడు గని ఊపిరి వదిలినట్టు ఆ గాలి పగుళ్లలోంచి బయటికి వస్తుంది. వాసన ఉండదు. గుంతల్లో, కాలువల్లో పేరుకుంటుంది. అందుకే గోడ పగిలిన ఇంక్లైన్‌లోకి "రెండడుగులే" అని తొంగిచూడవద్దు. లోపల పడిపోయిన మనిషిని లాగబోయి రెండో మనిషీ పోతాడు. ఎవరైనా పడిపోతే లోపలికి దూకకుండా 108కి, దగ్గరి గనికి కబురు చేయండి. గాలి పరికరాలున్న రెస్క్యూ మనుషులే దిగాలి.

మట్టి గుట్టలు, పాత బొగ్గు కుప్పలు ఎక్కవద్దు. బొగ్గు పొడికి గాలి తగులుతుంటే తనంతట తనే వేడెక్కి లోలోపల రగులుతుంది. పైన బూడిద పెచ్చు కడుతుంది, కాలు వేస్తే మోకాలి దాకా నిప్పుల్లోకి దిగుతుంది. సన్నటి పొగ, గంధకపు వాసన, పసుపు పూత, చుట్టూ పచ్చదనం ఉన్నా ఆ చోట మాత్రం మొక్క మొలవకపోవడం, వాన పడ్డాక ఆవిరి లేవడం దాని గుర్తులు.

ఓపెన్‌కాస్టు గుంతల్లో నిలిచిన నీళ్లు చూడటానికి నీలంగా, నిర్మలంగా ఉంటాయి. చెరువులా అంచు నుంచి మెల్లగా లోతు కాదు. ఒక అడుగు నేల, రెండో అడుగు నిలువు లోయ. ఈత వచ్చినవాళ్లూ ఎక్కిరాలేరు, పట్టుకుంటే జారే మట్టి తప్ప ఏమీ దొరకదు. ఫోటో కోసం కూడా అంచుకు పోవద్దు.

నడుస్తున్న ఓపెన్‌కాస్టు దగ్గర పేలుళ్ల సమయంలో 500 మీటర్ల లోపల ఎవరూ ఉండకూడదు. సైరన్ వినిపించినా, ఎర్రజెండా మనిషి రోడ్డు ఆపినా బండి ఇంజన్ ఆపి కూర్చోండి. పెద్ద డంపర్ల ముందు, పక్కన బైకు నడపవద్దు. డ్రైవరుకు దగ్గర్లో ఉన్న మీరు కనిపించరు. మందుగుండు నిల్వ ఉంచే మ్యాగజైన్ వైపు కెమెరా తిప్పవద్దు.

తిండి

చౌరస్తాల దగ్గర పొద్దున చాయ్, పూరి, ఇడ్లీ, సాయంత్రం మిర్చి బజ్జీలు, గుడాలు. ఎవరైనా ఇంటికి పిలిస్తే సర్వపిండి, జొన్నరొట్టె దొరకవచ్చు. పిలిస్తే పోండి, ఉత్త చేతులతో మాత్రం పోవద్దు. పండ్లు తీసుకుపోండి.

రెండో రోజు: కన్నాల బుగ్గ, గాంధారి ఖిల్లా

పొద్దున్నే బెల్లంపల్లి మండలం కన్నాల దగ్గరి బుగ్గ రాజరాజేశ్వర స్వామి గుడికి పోండి. బుగ్గ అంటే నేలలోంచి ఊరే ఊట. శివరాత్రికి పెద్ద జాతర, ఆ రోజు ప్రశాంతంగా చూడటం కుదరదు. మామూలు రోజున గంటన్నర చాలు.

తర్వాత మందమర్రి వైపు వెనక్కి వస్తే బొక్కలగుట్ట దగ్గర అడవిలో గాంధారి ఖిల్లా ఉంది. బండల మీద కోట ఆనవాళ్లు, తొలిచిన నీటి గుండాలు, మైసమ్మ. నాయకపోడ్ ఆదివాసులు మాఘ పౌర్ణమికి ఇక్కడ జాతర చేస్తారు. అది వాళ్లు దేవతను కొలిచే చోటు. ఆ రోజుల్లో పోతే పూజ జరిగే చోట చెప్పులు, కెమెరా పక్కన పెట్టి దూరంగా నిలబడండి. మిగతా రోజుల్లో ముగ్గురికి తక్కువ పోవద్దు. పైన నీళ్లు తాగడానికి పనికిరావు, ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోలేం. ఉదయం ఎనిమిదికల్లా మొదలుపెట్టి మధ్యాహ్నం ఒంటిగంట లోపు దిగండి. గుండాల అంచుల్లో పాచి ఉంటుంది. బొగ్గు తవ్వకముందు ఈ అడవి ఎవరిదో తెలియాలంటే ఈ గుట్ట ఎక్కాల్సిందే. బొగ్గు ఊరి యాత్రలో దీన్ని వదిలేయడం మాకు నచ్చదు.

ఇంకో రోజు చేతిలో ఉంటే ఆసిఫాబాద్ మీదుగా కెరమెరి మండలం జోడేఘాట్‌కు పోవచ్చు. అక్కడ కొమురం భీం స్మారకం, ఆదివాసీ మ్యూజియం ఉన్నాయి. ఘాట్ రోడ్డు, చీకటి పడకముందే కిందికి దిగేలా చూసుకోండి.

తిరిగొచ్చాక

ఎవరి ఫోటో తీశారో వాళ్లకు పంపండి. పెద్దవాళ్లలో చాలామంది వాట్సాప్ వాడరు. చిరునామా రాసుకుని, ప్రింటు తీయించి పోస్టు చేయండి. క్వార్టర్ నంబరు, బస్తీ పేరు, బెల్లంపల్లి అని రాస్తే చేరుతుంది. రాసుకున్న గనుల పేర్లు, చెప్పినవాళ్ల పని, ఏళ్లు ఒక పుస్తకంలోకి ఎక్కించి పెట్టుకోండి. ఫిల్లర్ పని చేసిన ఆఖరి తరం ఇప్పుడు ముసలితనంలో ఉంది.

హైదరాబాద్ మీదుగా పోయేవాళ్లు బిర్లా సైన్స్ సెంటర్‌లోని డైనోసార్ అస్థిపంజరం దగ్గర ఆగండి. దాని పేరు కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలవి, మీరు తిరిగొచ్చిన ప్రాణహిత–గోదావరి లోయవే. బెల్లంపల్లి బొగ్గు దానికంటే చాలా పాతది. ఆ జంతువు ఈ లోయలో తిరిగేనాటికి బొగ్గు పొరలు అప్పటికే దాని కాళ్ల కింద లోతున పూడిపోయి ఉన్నాయి.